సముద్రము దాటిన బిడ్డకు తిలోదకము

(మహాలయ పక్షమున, శస్త్రహత చతుర్దశికి ముందునాటి సాయంకాలము ఆలయ మండపములో చేసిన ఉపన్యాసము)



పక్షారంభము నుండి స్వామివారి సన్నిధిలో మనము పితృదేవతలను గూర్చి చెప్పుకొనుచున్నాము. రేపు భాద్రపద బహుళ చతుర్దశి. ఎల్లుండి మహాలయ అమావాస్య. అమావాస్యను ఎరుగనివారు లేరు. ఆనాడు స్వయంపాకము లిచ్చుటకు మన గాలిగోపురము వద్ద జనము బారులు తీరుదురు. చతుర్దశి మాత్రము ఎవరికిని పట్టక గడచిపోవును. పంచాంగములో ఆ గడిలో ‘శస్త్రహత మహాలయము’ అని చిన్న అక్షరములలో వేయుదురు. శ్రాద్ధములకు సాధారణముగా చతుర్దశిని విడువవలెను. విడువుమని చెప్పిన యాజ్ఞవల్క్యుడే, ఆయుధముచేత హతులైనవారికి ఆ తిథిని ప్రత్యేకించినాడు. అందరును వదలిన తిథి వారి పాలికి వచ్చినదన్నమాట. నేటి ప్రసంగము ఆ తిథిని గూర్చియే.

మొదట నా తప్పు ఒకటి మీ యెదుట చెప్పుకొనవలసి యున్నది. అది చెప్పక శాస్త్రము చెప్పుటకు నాకు నోరు రాదు.

1988వ సంవత్సరము. అప్పటికి నాకు నలువది ఏండ్లు నిండలేదు. పాఠశాలలో పన్నెండేండ్లు వల్లించి, అపరప్రయోగము కూడ నేర్చి వచ్చినవాడనన్న అతిశయము ఇంకను దిగని కాలము. ఒకనాటి ఉదయము అరుగు మీద కూర్చుండగా పొరుగూరి రైతు ఒకాయన వచ్చినాడు. చేతిలో ఎఱ్ఱ గుడ్డతో కట్టిన చిన్న మూట. ఆయన పెద్ద కుమారుడు సైన్యములో చేరి, శ్రీలంకకు వెళ్లిన మన శాంతి పరిరక్షక దళములో ఉండి, యాఫ్నా ప్రాంతమున మరణించినాడు. ఇరువది రెండేండ్ల పిల్లవాడు. పెండ్లి కాలేదు. దహనము అక్కడనే జరిగినది. ఇంటికి అస్థికలు వచ్చినవి, ఒక ఇనుప పెట్టెలో బట్టలు వచ్చినవి.

“అయ్యగారూ, మావాడి మొగం కూడా చూడలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో సెలవియ్యండి” అన్నాడు.

నేను అతనిని కూర్చుండుమని కూడ అనలేదు. తుపాకి గుండుతో పోయినాడు గావున దుర్మరణమనియు, నారాయణబలి చేయింపవలెననియు చెప్పినాను. సముద్రము దాటి పోయినాడు గావున దానికి వేరుగా ప్రాయశ్చిత్తము ఉన్నదని కూడ చేర్చినాను. ఆయన కొంతసేపు ఊరకుండి, “మావాడిది దుర్మరణమంటారా అయ్యగారూ?” అని అడిగినాడు. శాస్త్రము అట్లున్నదంటిని. ఆయన మూటను రెండు చేతులతో తీసికొని, నాకు దండము పెట్టి వెళ్లిపోయినాడు. మరల రాలేదు. ఎవరినీ పిలువక, తానే ఏటికి పోయి ఆ అస్థికలను నీటిలో వదలినాడని తరువాత వింటిని.

శాస్త్రము అట్లున్నదా? లేదు. ఈ సంగతి నాకు తెలిసినది విద్యార్థులకు ఆశౌచ ప్రకరణము పాఠము చెప్పుచున్నప్పుడు. మనుస్మృతి ఐదవ అధ్యాయములో రణమరణమును గూర్చిన వాక్యము వచ్చినది. అది నాకు పదునాలుగవ యేటనే కంఠస్థము. ఆనాడు నోటికి వచ్చిన వాక్యము చెవికి మొదటిసారి వినిపించినది. విద్యార్థులు తరువాతి శ్లోకము కొరకు చూచుచున్నారు, నాకు ఆ అరుగు, ఆ ఎఱ్ఱ మూట కనిపించుచున్నవి. పాఠము ఆనాటికి ఆపివేసితిని.

కొన్నేండ్లకు మా మనుమడు పరమవీర చక్ర పొందినవారిని గూర్చిన పుస్తకమొకటి తెచ్చి, రాత్రులందు నాకు చదివి వినిపించినాడు. అందరును మహావీరులే. వారిలో ఒకని కథ వద్ద నేను వానిని ఆపి, మరల చదువుమంటిని. తక్కినవారు మన సరిహద్దులలోనో, మంచుకొండల మీదనో, మన సైన్యము శ్రీలంకకు వెళ్లినప్పుడో ఆ గౌరవమును పొందినవారు. ఇతడొక్కడు ఐక్యరాజ్యసమితి పంపగా ఆఫ్రికా ఖండమునకు వెళ్లి, మనకు బంధుత్వము గాని భూమి తగవు గాని లేని దేశములో ప్రాణము విడిచినాడు. సమితి శాంతిసేనలో పనిచేయుచు పరమవీర చక్ర పొందినవాడు నేటివరకు ఇతడొక్కడే. పేరు కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా.

అతడు 1935 నవంబరు 29న పంజాబులో శకర్‌గఢ్ సమీపమున ఒక పల్లెలో పుట్టినాడు. ఆ ప్రాంతము నేడు పాకిస్తానులో ఉన్నది. దేశ విభజన వేళ ఆ కుటుంబము ఇవతలి గురుదాస్‌పూర్ జిల్లాకు తరలి వచ్చినది. తండ్రి ఆంగ్లేయుల కాలమున అశ్వదళములో పనిచేసినవాడు. ఆయన చెప్పు కథలు వినుచు పెరిగిన ఈ బాలుడు 1946లో బెంగుళూరులోని సైనిక పాఠశాలలో చేరబోయినాడు. వైద్యులు ఛాతీ కొలిచి, ఒక అంగుళము తక్కువ యున్నదని త్రిప్పి పంపినారు. పదేండ్ల పిల్లవాడు గదా, ఏడ్చి ఊరకుండవచ్చును. ఇతడు కొన్ని వారములు పట్టుదలతో వ్యాయామము చేసి, మరల పోయి కొలత ఇచ్చి, చేర్చుకొనునట్లు చేసినాడు. ఈ అంగుళము సంగతి నాకు ఎంతో ప్రీతి. ఉపనిషత్తులో తండ్రి కసరిన తరువాత కూడ యముని వాకిట మూడు రాత్రులు నిలిచిన నచికేతుని పోలిక ఆ పిల్లవానిలో ఉన్నది.

తరువాత జాతీయ రక్షణ అకాడమీలో చదివి, 1957లో సైన్యమున అధికారియైనాడు. చివరకు ఒకటవ గోర్ఖా రైఫిల్సు వారి మూడవ పటాలములో ఉన్నాడు.

ఇక ఆ దేశపు సంగతి. కాంగో బెల్జియము వారి ఏలుబడి నుండి 1960 జూన్ 30న స్వతంత్రమైనది. పండ్రెండు దినములైనను గడువక ముందే, రాగి గనులకు నెలవైన కటంగా అను దక్షిణ ప్రాంతము విడిపోయితినని ప్రకటించినది. గనుల యందు ఆశ గల విదేశీయుల అండ, కూలికి యుద్ధము చేయు పరదేశి సైనికుల బలము దానికి ఉండెను. ఐక్యరాజ్యసమితి సైన్యములను పంపినది. మన దేశము 1961లో సుమారు మూడువేల మందితో ఒక బ్రిగేడును పంపినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో, సంధి మాటలాడుటకు పోవుచున్న సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ విమాన ప్రమాదములో మరణించినాడు. డిసెంబరు నాటికి ఎలిజబెత్‌విల్ అను నగరములో సమితి వారి స్థావరమునకును విమానాశ్రయమునకును నడుమ దారిని కటంగా సైనికులు మూసివేసినారు. నేడు ఆ నగరము పేరు లుబుంబాషి.

డిసెంబరు 5. సలారియాకు ఇరువది ఆరేండ్లు నిండి ఆరు దినములైనది. దారిని తెరచుటకు గోర్ఖాలు బయలుదేరినారు. ఒక దళము ఎదురుగా తాకవలెను. సలారియా కొద్దిమందితో విమానాశ్రయము వైపు నుండి వచ్చి, శత్రువులు వెనుకకు తగ్గకుండ అడ్డుకొనవలెను. అతని వెంట ఉన్నవారు పదునారుగురు. ఎదుట సుమారు తొంబది మంది, రెండు కవచ శకటములు. రాకెట్లతో ఆ శకటములను మొదట ధ్వంసము చేసినారు. శత్రువులు తొట్రుపడిరి. వారు తేరుకొను లోపలనే తాకవలెనని సలారియా నిశ్చయించినాడు. తుపాకి కత్తులతో, కుక్రీలతో, చేతి బాంబులతో ఆ పదునారుగురు తొంబది మంది మీద పడినారు. నలువది మంది పడిపోయిరి, తక్కినవారు పారిపోయిరి. ఆ సంకులములో సలారియా కంఠమునకు తుపాకి గుండ్లు తగిలినవి. రక్తము కారుచున్నను పోరు మానలేదు. ఒడలిలో రక్తము తగ్గి కూలువరకు పోరుచునే ఉండి, ఆ గాయములతోనే ప్రాణము విడిచినాడు. దారి తెగినది. సమితి స్థావరమును చుట్టుముట్టు ప్రయత్నము విఫలమైనది. 1962లో పరమవీర చక్ర ప్రకటించినారు.

కాంగోలో మన దేశమువారు 39 మంది ఒరిగిపోయినారు. నాటినుండి నేటివరకు వివిధ దేశములలో సమితి శాంతిసేనలందు పనిచేయుచు మరణించిన భారతీయులు 170 మందికి పైగా ఉన్నారు. శ్రీలంకలో పోయినవారు వెయ్యికి మించినారు. వారిలో ఒకరు మా పొరుగూరి రైతు కొడుకు.

ఇప్పుడు శాస్త్రము మాటకు వత్తము.

దుర్మరణముల పట్టికలో శస్త్రము ఉన్న మాట నిజమే. పాము కాటు, పిడుగు, నీరు, నిప్పు, వీటి సరసన ఆయుధము కూడ కనబడును. నేను ఆనాడు చూచినది అంతవరకే. యుద్ధరంగమున ఎదురు నిలిచి మరణించినవానిని ఆ పట్టిక నుండి వేరు చేసిన వాక్యమును చూడలేదు. అట్టివాని విషయమున మైల తత్‌క్షణమే తీరుననియు, యజ్ఞము సమాప్తమైనట్లే యనియు మనువు నిర్ణయము. దీనికి నా మిత్రులొకరు, “అది క్షత్రియుల మాట గదా, రైతు బిడ్డకు ఎట్లు వర్తించును?” అని ఆక్షేపించినారు. పదమును జాగ్రత్తగా చూడవలెను. అక్కడ చెప్పినది క్షత్రధర్మముచేత హతుడైనవానిని గూర్చి. ఏ ఇంట పుట్టినాడని ఆ పదము అడుగుట లేదు, ఏ ధర్మము చేయుచు పోయినాడని అడుగుచున్నది. పరాశరుడు ఇంకను ముందుకు పోయి, సమరమున వెన్ను చూపక మరణించినవానిని యోగమున దేహము విడిచిన సన్న్యాసి ప్రక్కన నిలిపినాడు. దుర్మరణమని నేను పేరుపెట్టినది ఇట్టి మరణమునకు.

సముద్రము సంగతి. కలివర్జ్యములలో సముద్రయానము ఉన్నది. అయితే ఆ నిషేధము దేనికి? ఓడనెక్కి పోయి తిరిగివచ్చిన ద్విజుని మరల పంక్తిలో చేర్చుకొనుటను గూర్చినది. తిరిగి రానివానికి పంక్తి యెక్కడ? రాజాజ్ఞను తలదాల్చి పోయి అక్కడనే దేహము విడిచినవాని మీద ఆ వాక్యమును ప్రయోగించుట, లేని అప్పుకు చచ్చినవాని ఇంటిపై పత్రము వ్రాయించుట వంటిది. శ్రీరాముడు సముద్రము దాటలేదా అని అడుగువారు కలరు. ఆయన వారధి మీద నడచినాడు గాని నౌక ఎక్కలేదని ఒక పండితమిత్రుడు నాతో గంటసేపు వాదించినాడు. తిరుగు ప్రయాణము పుష్పకములో గదా అంటిని. విమానమునకు నిషేధము వ్రాసినవారు లేరని నవ్వినాడు. నేటి సైనికులు విమానములలోనే పోవుచున్నారు గావున ఆయన వాదమును బట్టి చూచినను వారికి దోషము లేదు.

మరి దేహమే దొరకకపోయినచో? దానికిని మన పెద్దలు దారి చూపినారు. మూడువందల అరువది మోదుగాకు కాడలతో మనుష్యాకృతిని కూర్చి దహనము చేయు పాలాశవిధి ఉన్నది. ఎవ్వడును సంస్కారము లేక మిగిలిపోరాదని గదా ఇంత శ్రమ! బ్రైటన్ అను ఇంగ్లండు పట్టణము దగ్గర కొండవాలున పాలరాతి ఛత్రము ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధములో గాయపడి ఆ ఊరి ఆసుపత్రులలో మరణించిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఆ కొండ మీదనే దహనము చేసి, భస్మమును అక్కడి సముద్రములో కలిపినారు. 1921లో ఆ ఛత్రమును వెలయించినారు. ఆంగ్లేయుల నేల మీద కూడ అగ్నిహోత్రుడు అగ్నిహోత్రుడే.

మహాభారతమున స్త్రీపర్వము అశుభమని కొందరు ఇండ్లలో చదువనీయరు. నేను మాత్రము ప్రతి మహాలయములోను చదువుదును. యుద్ధము ముగిసిన తరువాత ధర్మరాజు సుధర్ముని, ధౌమ్యుని, విదురుని, సంజయుని పిలిచి ఆజ్ఞాపించినాడు. అడుగవలసినవారు లేక ఏ దేహమును నశింపరాదన్నాడు. చందనము, అగరు, నేయి తెప్పించినారు. విరిగిన రథముల కొయ్యలను కూడ చితులకు పేర్చినారు. నానాదేశముల నుండి వచ్చి, నావారను వారు లేక పడియున్న సైనికులను ఒక్కచోట చేర్చి విదురుడు దహనము చేయించినాడు. వారిలో కౌరవుల పక్షమున పోరినవారును ఉన్నారు. చితి వద్ద పక్షము లేదు. ఎలిజబెత్‌విల్ దారిలో ఎదుటి వైపున పడిన నలువది మందికిని తల్లులుందురు. రేపు మనము విడుచు నీటిలో వారికిని పాలు ఉండుగాక.

ఇక జటాయువు. ఈ ఘట్టమును నేను తొందరపడి చెప్పలేను. సీతాదేవి ఆయన కూతురు కాదు, కోడలు కాదు. తనకు ఏలుకొనుటకు రాజ్యము వచ్చునది లేదు. రావణుడు బలవంతుడని తెలియును, తనకు ముసలితనము వచ్చినదని తెలియును. ఒక ఆడబిడ్డ ఆర్తనాదము వినబడినది, అడ్డుపడినాడు. ఱెక్కలు తెగి పడినాడు. శ్రీరాముడు వచ్చి ఏమి చేసినాడు? అప్పటికి ఆయన దుఃఖము ఆయనకే భరింపరానిది. భార్య ఎక్కడ ఉన్నదో తెలియదు. ఒక్క క్షణము ఆలస్యమైనను రావణుడు మరింత దూరము పోవును. అయినను లక్ష్మణుని కట్టెలు తెమ్మని, తానే చితి పేర్చి, తానే నిప్పు పెట్టినాడు. పిండము పెట్టినాడు. తండ్రి దశరథునికి చేయవలసిన మంత్రములు పక్షికి చేసినాడు. అటుపిమ్మట అన్నదమ్ములిద్దరును గోదావరికి పోయి స్నానము చేసి, ఆ గృధ్రరాజునకు నీరు విడిచినారు. మన గోదావరి! ఈ మండపములో ఉన్నవారిలో ఆ నీట మునుగనివారు కొద్దిమందే ఉందురు. మునిగినప్పుడు పుణ్యము తలచుకొందుము, పుష్కరము తలచుకొందుము. ఆ నదిలో శ్రీరాముని దోసిలి నుండి ఒక పరాయివానికి జారిన నీరు కూడ కలిసి ఉన్నదని తలచుకొనము.

ఆ పక్షికి నీరు విడుచు అధికారము తనకు ఉన్నదా అని రాముడు ఏ స్మృతిని తిరుగవేయలేదు. దశరథుని మిత్రుడను సంబంధము చాలినది. సలారియాతో మనకు ఏ సంబంధము అందురా? మన పేరు మీద పోయినాడు. అతని భుజము మీద ఉన్న పట్టీలో మన దేశము పేరు ఉన్నది. అంతకంటె ఏమి కావలెను?

సంతానము లేనివానికి ఎవరు నీరు విడువవలెనని అడుగుటయు కలదు. మాఘ శుద్ధ అష్టమినాడు మీరు భీష్మునికి తర్పణము చేయుదురు గదా. ఆయన గోత్రము వైయాఘ్రపద్యము, మీది వేరు. తండ్రి బ్రదికి ఉన్నవారు కూడ ఆనాడు ఆయనకు నీరు ఇత్తురు. పెండ్లి లేని ఆ వృద్ధునికి దేశమంతయు కొడుకైనది. మహాలయములో కారుణ్య పితరులని మిత్రులను, గురువులను, ఆప్తులను కలుపుకొనుచునే ఉన్నాము. దారి ఎప్పటినుండియో ఉన్నది, మనము ఆ దారిన కొందరిని పిలువ మరచినాము.

మూటతో వచ్చిన ఆ రైతు ఇప్పుడు లేడు. నా పొరపాటు నాకు తెలిసిన తరువాత ఆ ఊరికి పోతిని. అప్పటికే ఆయన గతించి రెండేండ్లయినది. భార్య మాత్రము ఉన్నది. నేను గడపలో నిలుచుండి, “అమ్మా, నీ కొడుకుది దుర్మరణము కాదు, నేను తెలియక పలికినాను” అంటిని. ఆమె కొంతసేపు నన్ను చూచి, “ఆయన ఆ మాటే తలుచుకుంటా పోయినాడయ్యా” అన్నది. నన్ను నిందింపలేదు. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చినది. ఆ మజ్జిగ త్రాగుట నా జన్మలో కష్టమైన పని. అది మొదలు ప్రతి చతుర్దశికి నేను ఇంటివద్ద ఆ పిల్లవానికి తిలోదకము ఇచ్చుచున్నాను. అది చాలదని ఈ సంవత్సరము ధర్మకర్తలను వేడుకొనగా, మన పుష్కరిణి వద్ద అందరితో కలిసి చేయుటకు వారు సమ్మతించినారు.

రేపు ఉదయము తొమ్మిది గంటలకు పుష్కరిణి తూర్పు మెట్ల వద్దకు రండు. పితృతర్పణ అధికారము ఉన్నవారు మంత్రముతో చేయవచ్చును, తక్కినవారికి నామము చెప్పి నీరు విడుచు విధానమును నేను దగ్గరుండి చెప్పెదను. తండ్రి జీవించి ఉన్నవారు ఊరక నిలుచుండి ఆ పేర్లు పలికినను చాలును. ఆ రైతు చిన్న కుమారుడు వచ్చి మొదటి దోసిలి అన్నగారికి ఇచ్చును. తల్లికి ఎనుబది దాటినవి. మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేదు. ఆమెకు పై మెట్టు మీద కుర్చీ వేయించుమని కార్యాలయములో చెప్పి ఉంచినాను.

మీ గోత్రమేమిటని ఆ చిన్నవానిని అడిగినాను. తెలియదన్నాడు. గోత్రము తెలియనివారికి కాశ్యప గోత్రము చెప్పుకొనుట పెద్దల ఆచారము. సలారియా గోత్రమును నాకు తెలియదు. అతనికిని కాశ్యపమే చెప్పెదను. శ్రీలంకలో పోయిన మన ఊరి బిడ్డయు, కాంగోలో పోయిన పంజాబు బిడ్డయు రేపు తొమ్మిది గంటలకు సగోత్రీకులగుదురు.

నువ్వులును దర్భలును ఆలయమువారు ఇత్తురు. చెంబు మాత్రము ఎవరిది వారు తెచ్చుకొనవలెను.

స్వస్తి.